లెక్కల మాస్టారితో కుదిరిన సంబంధం

నాకు సంబంధం కుదిరింది లెక్కల మాస్టారితో. పెళ్లయింది లెఫ్టినెంటుతో. ఆ తర్వాత ఊరూరా తిరుగుతూ కెప్టెన్‌తో, మేజర్‌తో, కల్నల్‌తో కాపురం చేసి, చిట్టచివరికి బెజవాడ పటమటలో సొంత ఫ్లాటు తాళం తీసింది రిటైరైన మేజర్ జనరల్‌తో. మనిషి ఒక్కరే. ఆ మాస్టారు మాత్రం మధ్యలో ఎటు పోయారో తెలియదు. ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

నేనిలా అంటే మా వాళ్లు సరదాకి అంటున్నాననుకుంటారు. బడిపంతులు పెళ్లానివి కావాల్సినదానివి జనరల్ గారి భార్యవయ్యావు, ఇంకేం కావాలే నీకు అంటుంది మా అక్క, ఫోన్ చేసినప్పుడల్లా. గొప్పే, కాదనటం లేదు. కానీ అరిసెలు కావాలన్న మనిషికి జిలేబీ పెట్టి, ఇది ఖరీదెక్కువ, సంతోషించు అంటే ఎలా ఉంటుంది? అది నా నోట్లో ఇన్నేళ్లుగా ఉన్న రుచి.

మా నాన్న ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. చెరకు ఆడే రోజులొచ్చాయంటే ఆయన ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. అందుకని కూతుళ్లని సాయంత్రానికల్లా ఇంటికి చేరే మనిషికే ఇవ్వాలని ఆయన పట్టుదల. అలాంటి మనిషి బడిపంతులే అని ఆయన లెక్క. మా అక్కకి పంతులు దొరక్క బ్యాంకు ఉద్యోగితో సరిపెట్టారు. నాకు దొరికారు. ఉయ్యూరు దగ్గరే మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. మా సంఘంవాళ్లే, ఆదివారం చర్చిలో మగవాళ్ల వైపు మూడో వరసలో కూచునేవారు.

సంబంధం రాకముందే ఆయన పాఠం చెప్పటం ఒకసారి చూశాను. మా తమ్ముడు ఆ బళ్లోనే చదివేవాడు. వాడు క్యారేజీ మర్చిపోయి వెళ్తే ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. క్లాసు అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను. బోర్డు నిండా లెక్క చేసి, అర్థమైందా అన్నారు. చివరి బెంచీలోంచి ఒకడు లేచి "నాకు కాలేదండీ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎక్కడిదాకా అయిందిరా అని అడిగి, వాడు చూపించిన చోటి దాకా ఉంచి, మిగతాదంతా అరచేత్తో చెరిపేసి ఇంకో దారిలో చెప్పారు. వాడికి అప్పుడూ కాలేదు. మళ్లీ చెరిపేశారు. తప్పు నాదేరా, నేను చెప్పే దారి బాగాలేదు, ఇంకోటి చూద్దామన్నారు. మూడోసారికి వాడితో పాటు వరండాలో ఉన్న నాకు కూడా అర్థమైంది. నేను లెక్కల్లో పరమ మొద్దుని.

సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి ఎలా ఉంటాడో చూశావుగా, నీ ఇష్టమేంటని అమ్మ అడిగింది. మొహం సరిగా గుర్తు లేదు. మోచేతి దాకా సుద్దపొడి అయిన ఆ చెయ్యి గుర్తుంది. ఇష్టమేనన్నాను.

ప్రధానం జరిగింది. మా క్రైస్తవుల్లో నిశ్చితార్థాన్ని అలా అంటారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. మొదటి ప్రకటన చదవాల్సిన వారంలోనే ఆయన మా ఇంటికొచ్చారు. సైన్యంలో ఉద్యోగానికి ఎంపికయ్యానని, ట్రైనింగ్ పూర్తయ్యేదాకా పెళ్లి చేసుకోకూడదన్న నియమం ఉందని మా నాన్నకి చెప్పారు. సైన్యంలో చదువు చెప్పే విభాగం ఒకటుంటుందట. జవాన్లకి పాఠాలు చెప్పటమే పనట. అదీ మాస్టారి ఉద్యోగమేనండీ, బోర్డు మారుతుంది అంతే అన్నారు. మా నాన్న ఆయన ముందు తలూపారు. ఆయన వెళ్లాక మాత్రం, ఊళ్లోవాళ్ల అభ్యంతరం అడుగుతారు గానీ పెళ్లికొడుక్కే అభ్యంతరం వస్తే ఏ పాస్టరయ్యగారికి చెప్పుకోవాలే అని అమ్మ మీద విసుక్కున్నారు.

ఏడాది ఆగి పెళ్లి చేసుకున్నాం. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. మొదట్లో నిజంగానే పాఠాలు చెప్పారు. ప్రమోషన్ పరీక్షలకి కూచునే జవాన్లకి లెక్కలు, మ్యాపు చదవటం, ఇంగ్లీషు ఉత్తరం రాయటం. సాయంత్రం ఇంటికొచ్చి, ఫలానా హర్యానా కుర్రాడికి భిన్నాలు ఎక్కించానని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. తర్వాత భుజం మీద నక్షత్రాలు పెరిగాయి. నక్షత్రం పెరిగిన ప్రతిసారీ క్లాసు తగ్గింది. పాఠాలు చెప్పేవాళ్లని తనిఖీ చెయ్యటం మొదలైంది, ఆ తనిఖీ చేసేవాళ్లని తనిఖీ చెయ్యటం వచ్చింది, చివరికి ఏసీ గదిలో ఫైళ్లు మిగిలాయి. మా అమ్మాయి పదో తరగతికొచ్చేసరికి దానికి లెక్కలు చెప్పటానికి ట్యూషన్ మాస్టార్ని పెట్టాం. ఇంట్లో లెక్కల మాస్టారుండగా! ఆ నెలంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

సైన్యంలో ఒక పద్ధతుంది. పెద్ద ఆఫీసరు చెప్పాల్సిందంతా చెప్పి, చివర్న "ఎనీ డౌట్స్?" అంటాడు. హాలంతా ఒక్క గొంతుతో "నో సర్" అంటుంది. మొదట్లో నేను అది ప్రశ్నే అనుకున్నాను. కాదు, మీటింగ్ అయిపోయిందని కొట్టే గంట. నిజంగా డౌటున్నవాళ్లు బయటికెళ్లి తమ పైవాడి దగ్గర తీర్చుకుంటారు. అక్కడ అది పనికొచ్చే పద్ధతే అయ్యుంటుంది. కానీ ముప్ఫై ఏళ్లు రోజూ ఆ గంట కొట్టిన మనిషికి అది ప్రశ్నన్న సంగతి గుర్తుంటుందా?

ఆయన సంగతెందుకు, నాకూ అంటింది ఆ జబ్బు. కింది ఆఫీసర్ల భార్యలకి ఒకసారి భోజనం పెట్టి గోంగూర పచ్చడి వడ్డించాను. కారం ఎక్కువైంది, నా నాలుక్కే తెలుస్తోంది. పాపం ఒక పంజాబీ అమ్మాయికి కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. అయినా "చాలా బాగుంది మేడమ్" అని ఇంకాస్త వేయించుకుంది. ఆ పూట నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, పదేళ్లుగా నా వంట ఎలా ఉందో నాకెవరూ చెప్పలేదని అర్థమై ఏడుపొచ్చింది.

రిటైరై పటమట వచ్చాక ఇక మామూలు మనుషులమైపోతామనుకున్నాను. నెల తిరక్కుండానే అపార్టుమెంటు వాళ్లు ఆయన్ని అసోసియేషన్ ప్రెసిడెంటుని చేశారు. బండ్లు గేటుకి అడ్డంగా పెట్టొద్దని ఆయన చెప్పటం, అందరూ "అలాగేనండీ జనరల్ గారూ" అనటం, మర్నాడు అదే బండి అదే గేటుకి అడ్డంగా ఉండటం. ఆయన బుర్ర పట్టుకునేవారు. చెయ్యనని చెప్పొచ్చుగా, ఒప్పుకోవటం ఎందుకు అనేవారు. మన వైపు "అలాగేనండీ" అంటే చేస్తామని కాదు, ఇక వెళ్లొస్తామని. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి అది కూడా మర్చిపోయారు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం బాల్కనీలో కూచుని, మళ్లీ పాఠాలు చెప్పాలనుందే అన్నారు. నా గుండె ఒక్కసారి గంతేసింది. మా చర్చి హాల్లో పదో తరగతి పిల్లలకి సాయంత్రం ఉచితంగా ట్యూషన్ చెబుతారు. అందరూ ఆటో తోలేవాళ్ల పిల్లలు, ఇళ్లల్లో, షాపుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. లెక్కలకి మనిషి లేక కుంటుతోందని పాస్టరుగారు అంతకుముందే అన్నారు. పోయిన మాస్టారు తిరిగొస్తున్నారనుకున్నాను. ఇంటికి ఎవరో చుట్టం వస్తున్నట్టు ఆ రాత్రి పాయసం కూడా చేశాను.

మర్నాడే వెళ్లి పాస్టరుగారికి చెప్పాం. అక్కడే వచ్చింది చిక్కు. వచ్చి పాఠం మొదలుపెట్టండీ అని ఆయన అని ఉంటే ఎంత బాగుండేది! ప్రారంభోత్సవం పెట్టారు. చర్చి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో మావారు యూనిఫాంలో ఉన్నారు, వెనక ఒక యుద్ధ ట్యాంకు, పైన విమానాలు, పక్కన ఎందుకో ఒక పులి. ఈయన సర్వీసంతటిలో ట్యాంకు ఎక్కిన పాపాన పోలేదు. సంఘ పెద్దలు తలా ఒక శాలువా కప్పారు. ఎండలో ఆ శాలువాల కింద ఆయన చెమటలు కక్కుతుంటే, ఒక పెద్దాయన మైకు పట్టుకుని, శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు మన పిల్లలకి పాఠం చెప్పటానికి దిగివచ్చారు అన్నారు. దిగివచ్చారట. పిల్లలందరికీ ఎవరో ముందే నేర్పారు, ఆయన లేవగానే అంతా లేచి సెల్యూట్ కొట్టారు. ఆ రోజు పాఠం లేదు. కూల్ డ్రింకు తాగి ఇళ్లకి వెళ్లారు.

దారిలో ఆయన ఒకటే చిరాకు. నేను లెక్కలు చెప్పటానికి వెళ్లానా, ఊరేగటానికి వెళ్లానా అని. నాకూ అంతే మంటగా ఉంది. ఆ యూనిఫాం ఫొటో పీకించెయ్యండి, మీ పేరు ముందు ఆ జనరల్ అన్న మాట వద్దని చెప్పండి అనాలనిపించింది. "పాస్టరుగారు మంచి ఉద్దేశంతోనే చేశారు లెండి" అన్నాను.

తర్వాతి వారం నుంచి క్లాసులు జరిగాయి. పిల్లలకి బిస్కెట్లు, ఉడకబెట్టిన శనగలు తీసుకెళ్లే పని నేను పెట్టుకున్నాను, చివర కూచుని చూడొచ్చని. చూశాను. ఆయన చెప్పటం అద్భుతంగా ఉంది. గీత గీస్తే గీసినట్టుంది, మాట తడబడదు. పాఠం అయిపోయాక పుస్తకం మూసి, "ఎవరికైనా డౌటుందా?" అన్నారు. హాలంతా ఒక్క గొంతుతో "లేదండీ" అంది. అర్థమైందా అంటే "అర్థమైందండీ" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. ఎన్ని కంటోన్మెంట్లలో విన్నాను!

మొదటి స్లిప్ టెస్టు పెట్టారు. పేపర్లు దిద్దుతూ ఆయన కుర్చీలోంచి లేచారు, కూచున్నారు, మళ్లీ లేచారు. సగం మంది లెక్క మొదలుపెట్టనే లేదు. మిగతావాళ్లు ఆయన బోర్డు మీద చేసిన లెక్కనే, అంకెలతో సహా, అడగని చోట రాసేశారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఏది అడిగితే దానికి అదే జవాబు. అడిగాను కదే, అందరూ అర్థమైందన్నారు కదే అని నా మీద అరిచారు, అక్కడికి నేనేదో కాపీ కొట్టించినట్టు. ఫోన్లు చెడగొట్టాయన్నారు. బళ్లో మాస్టార్లు సరిగ్గా చెప్పటం లేదన్నారు. గైడ్లన్నారు. నేను ఉప్మా వడ్డిస్తూ, నిజమేనండీ, నిజమేనండీ అన్నాను.

మర్నాడు క్లాసులో చాలా ఓపిగ్గా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదు, డౌటుంటే అడగండి, నేనేమీ అనను అన్నారు. పిల్లలు బుద్ధిగా విన్నారు. ఎవరికైనా డౌటుందా? లేదండీ. శంఖం ఊదినట్టే ఉంది గానీ చెవిటివాళ్లెవరో నాకు అంతుబట్టలేదు, పిల్లలా, ఈయనా.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి నాకు దగ్గరైంది. సన్నగా, పెద్ద కళ్లతో ఉంటుంది. అందరికంటే ముందొచ్చి నాతో పాటు శనగలు పొట్లాలు కట్టేది. వాళ్లమ్మ వన్ టౌన్‌లో హోల్‌సేల్ చీరల షాపులో చీరలు మడతపెట్టే పనిలో ఉంది. తండ్రి లేడు. అమ్మాయికి నర్సింగ్ చదవాలని కోరిక. అన్నిట్లో గట్టెక్కుతుంది గానీ లెక్కలంటే వణుకు. వాళ్లమ్మ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకి పిలిచి, ఈ ఏడు పాసైతే ఇంటర్‌కి పంపుతానని, తప్పితే మాత్రం షాపులో పెట్టేస్తానని చెప్పింది. "మా సేటు ఇంకో మనిషి కావాలంటున్నాడండీ. నేనింక ఎన్నాళ్లని లాగను? జనరల్ గారు చెబుతున్నారుగా, ఆయన దయ" అంది. ఆ షాపు నేను చూశాను. కిటికీ లేని గోడౌను. ట్యూబులైట్ల కింద పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే ఉండాలి. వాళ్లమ్మ కాళ్ల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉంటాయి.

ఆ పిల్లని ఒకరోజు పొట్లాలు కడుతూ మెల్లగా అడిగాను, నిజంగా అర్థమవుతోందా అని. అటూ ఇటూ చూసింది.

"మీరెవరికీ చెప్పనంటే చెప్తానాంటీ. ఆయన రెండో మెట్టు చెప్పేటప్పటికే నేను తప్పిపోతా. ఇంక చివరిదాకా ఊరికే రాసుకుంటా కూచుంటా."

"మరి అడగొచ్చుగా?"

"అమ్మో. అంత పెద్దాయన అంత బాగా చెప్తుంటే, నాకు రాలేదని ఎలా అనమంటారు? ఆయన పరువేం కాను?"

ఆయన పరువట. ఈ పిల్ల తన చదువు పోతున్నా ఆయన పరువు కాపాడుతోంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే చెప్పలేనంత కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఫ్లెక్సీ మీద పులి మీద కూడా వచ్చింది.

ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. ఏవండీ, మీరు అడగటం మర్చిపోయారు, ఒకప్పుడు ఎక్కడిదాకా అయిందిరా అని అడిగేవారు, ఇప్పుడు అయిందా లేదా అని అడుగుతున్నారు, అలా అడిగితే అయిందనే అంటారు అని మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. ఆయన చెప్పులు విప్పి ఫ్యాను కింద కూచున్నాక, ఆ చీరల షాపావిడ కూతురికి కాస్త నెమ్మదిగా చెప్పండీ అన్నాను. అంతే వచ్చింది నోట్లోంచి. నెమ్మదిగానే చెబుతున్నాను, అర్థమైందని తనే అంటోందిగా అన్నారు. సరేనండీ అన్నాను.

మార్చిలో పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చాయి. ట్యూషన్ పిల్లల్లో చాలామంది అంచుల మీద గట్టెక్కారు. ఈ పిల్ల ఒక్క లెక్కల్లో తప్పింది.

వాళ్లమ్మ చర్చిలో ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, మీరు చెప్పటంలో లోపమేం లేదండీ, దాని బుర్రే అంత అంది. పక్కన ఆ పిల్ల తల దించుకుని తలూపింది. ఆయన కళ్లు ఎర్రబడటం చూశాను. ఎంతమంది జవాన్లకి భిన్నాలు ఎక్కించిన మనిషి! ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. సప్లిమెంటరీ ఉంది కదా, షాపులో పెట్టొద్దు, ఈ నెల నేను మా ఇంట్లో కూచోబెట్టి ఒక్కదానికే చెబుతానన్నారు. ఆవిడ సేటుతో మాట్లాడి గడువు తెచ్చుకుంది. ఈసారీ తప్పితే జూన్‌లో పనిలో చేరాలి.

బెజవాడ ఎండలు చెప్పేదేముంది. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం మొహానికి చున్నీ చుట్టుకుని వన్ టౌన్ నుంచి సిటీ బస్సులో వచ్చేది. వచ్చీరాగానే మంచినీళ్లు తాగి డైనింగ్ టేబుల్ దగ్గర కూచునేది. ఆయన అప్పటికే తెల్లకాగితాలు, పెన్సిళ్లు పేర్చుకుని ఉండేవారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అలసిపోతే ఆగారు. నా చేత మామిడి ముక్కలు కోయించి పెట్టించారు. ఆయన దగ్గర పాఠం వింటున్న పిల్లని చూస్తే ఎవరైనా అదృష్టవంతురాలంటారు. నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. చెప్పటం, అడగటం, అర్థమైందండీ. చెప్పటం, అడగటం, అర్థమైందండీ. గరిటె విసిరికొట్టాలనిపించేది.

ఆయన భోజనం చేసి కునుకు తీసే వేళల్లో నేనే ఆ పిల్ల పక్కన కూచుని చూశాను. రెండో మెట్టు దగ్గర ఎందుకు తప్పిపోతోందో కనిపెడదామని. నాకే తెలియంది నేనేం చెబుతాను? ఇద్దరం కలిసి తప్పిపోయాం.

పరీక్ష దగ్గరపడింది. ఆ రోజు టవరు ఎత్తు కనుక్కునే లెక్క చెప్పారు. బొమ్మ వేశారు, కోణం గుర్తుపెట్టారు, ఇక్కడ ఏ నిష్పత్తి వాడాలో, ఎందుకు వాడాలో చెప్పారు. అర్థమైందా అన్నారు. అర్థమైందండీ అంది. అయితే ఇది చెయ్యి అని అలాంటిదే ఇంకోటిచ్చారు. ఆ పిల్ల టవరు బొమ్మ వేసింది. చాలా అందంగా వేసింది, స్కేలు పెట్టి, పైన ఒక చిన్న జెండా కూడా పెట్టి. ఆ తర్వాత పెన్సిల్ కదల్లేదు.

నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. కోపంగా లేరు, అదే నన్ను ఆపింది. అలా అలిసిపోయిన మొహం రిటైరైన రోజున కూడా చూడలేదు.

"నేనెప్పుడైనా నిన్ను కసిరానా?" అని అడిగారు.

"లేదండీ" అంది.

"ఏమన్నా అన్నానా?"

"లేదండీ."

"మరి రాకపోతే రాలేదని చెప్పటానికేంటమ్మా? నేనంటే భయమా?"

ఆ పిల్ల జెండా మీద పెన్సిల్‌తో మళ్లీ మళ్లీ దిద్దుతోంది. అప్పుడాయన నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు. ఇన్నేళ్లుగా నాతో ఉన్నావు. నేనంటే భయపడాల్సిందేమన్నా ఉందా? నీకెప్పుడైనా భయమేసిందా?"

నిజంగానే అడిగారు. గంట కొట్టటం కాదది, నాకు తేడా తెలుసు. పెళ్లైనప్పట్నించీ ఆయన నన్ను అలా అడగటం అదే మొదలు. ఆ పిల్ల కూడా దిద్దటం ఆపి నా వంక చూస్తోంది. నేనిప్పుడు అవునండీ అంటే చాలు. భయమేనండీ, మీరెప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు, అయినా భయమే, మీకు కాదని చెప్పటం మాకెవరికీ రాదు, నాకు అసలు రాదు అంటే చాలు. జనరల్ గారి భార్యే అనగా లేంది నేనంటే ఏంటని ఆ పిల్లకి ధైర్యం వస్తుంది. రెండో మెట్టు దగ్గర ఆగి, ఇక్కడిదాకానే అయిందండీ అంటుంది. ఆయన కాగితం చెరిపేసి ఇంకో దారి వెతుకుతారు. అదంతా నాకు కళ్లముందు కనిపిస్తోంది. మాటలు కూడా కొత్తవి కావు, ఎన్ని ఏళ్లుగానో పేర్చిపెట్టుకున్నవే.

"అబ్బే, భయమేంటండీ" అన్నాను.

ఆయన మొహంలో అలసట ఒక్క క్షణంలో పోయింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"విన్నావా? మీ ఆంటీయే చెబుతోంది. ఇంకోసారి చూడు" అని అదే లెక్క, అదే దారిలో, మొదట్నించి చివరిదాకా ఎంతో ఓపిగ్గా మళ్లీ చెప్పారు. చెప్పి, అర్థమైందా అన్నారు.

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది, కాసేపు. తర్వాత నా గొంతుతోనే అంది.

"అర్థమైందండీ."